ఒక ఖడ్గం, నాలుగు ఊళ్లు: ఇస్లామిక్ ఆయుధాల అలంకారంపై సమీక్ష

మ్యూజియంలో కత్తి పక్కన ఉండే చీటీ చాలా పొదుపుగా మాట్లాడుతుంది. ‘ఖడ్గం, ఇరాన్, 17వ శతాబ్దం’ అంటుంది, అంతే. అదే కత్తిని విడదీసి చూస్తే లెక్క మారిపోవచ్చు. ఉక్కు ముద్ద దక్కనులో కరిగి ఉంటుంది. ఇస్ఫహాన్ కమ్మరి దాన్ని సాగగొట్టి అలుగు చేసి ఉంటాడు. పిడిని లాహోర్‌లోనో జైపూర్‌లోనో మార్చి ఉంటారు. ఒరకు తొడిగిన వెండి ఇంకో వందేళ్ల తర్వాతిది. అలుగు మీద చెక్కిన రాజు పేరు ఆ రాజు పోయాక చెక్కింది కావచ్చు. ఇస్లామిక్ ఆయుధాల రూపం, అలంకారాల మీద నూటయాభై ఏళ్లుగా వచ్చిన రచనలను వరసగా చదివితే, అవన్నీ ఏదో ఒక రూపంలో ఈ చిక్కుతోనే కుస్తీ పడుతున్నాయని తెలుస్తుంది. నాకు తోచింది ముందే చెప్పేస్తాను. అలంకారాన్ని ఆయుధం మీద పూసిన సొగసుగా చూస్తే ఏమీ అర్థం కాదు. చేతులు మారిన ప్రతిసారీ కొత్త యజమాని రాయించుకున్న దస్తావేజుగా దాన్ని చదవాలి. దస్తావేజులన్నాక దొంగ సంతకాలూ ఉంటాయి.

ఈ మాటకు మొదటి సాక్ష్యం ఇస్తాంబుల్‌లోని తోప్‌కపీ ప్రాసాదంలోనే ఉంది. ప్రవక్తవనీ, తొలి ఖలీఫాలవనీ అక్కడ భద్రపరచిన ఖడ్గాలకు తిన్నని, నిరాడంబరమైన పాత అలుగులున్నాయి. పిడులూ ఒరలూ మాత్రం ఒట్టోమన్ కంసాలులు బంగారంతో, రత్నాలతో కొత్తగా చేసి తొడిగినవి. భక్తి అంతా పాత ఉక్కు మీద, చూపు అంతా కొత్త బంగారం మీద. అలాంటి ఖడ్గానికి ఒకే తేదీ వేయడం సాధ్యమయ్యే పనేనా?

‘ఇస్లామిక్ ఆయుధాలు’ అన్న పేరు కూడా జాగ్రత్తగా వాడవలసిందే. స్పెయిన్‌లోని గ్రనాడా నుంచి మన దక్కను దాకా, 7వ శతాబ్దం నుంచి 19వ శతాబ్దం దాకా తయారైనవన్నీ ఆ పేరు కిందికి వస్తాయి. చేసినవాళ్లంతా ముస్లింలు కారు. చేపదంతంతో, అంటే వాల్రస్ దంతంతో, బాకు పిడులు చెక్కిన ఇద్దరు పనివాళ్లను జహంగీర్ తన ఆత్మకథలో మెచ్చుకుంటాడు. వాళ్ల పేర్లు పూరణ్, కల్యాణ్. కాబట్టి ఈ పేరు మతాన్ని చెప్పేదానికంటే ఆస్థానాల అభిరుచిని చెబుతుందని అనుకోవడం మేలు. ఒక సుల్తాను కొలువులో మెప్పు పొందిన పద్ధతి పదేళ్లలో ఇంకో కొలువుకు చేరేది. పనివాళ్లు వలస వెళ్లేవారు, కానుకలు వెళ్లేవి, యుద్ధంలో కొల్లసొత్తూ వెళ్లేది.

ఈ రంగంలో మొదటి తరం పని అంతా పట్టికల పనే. లండన్‌లోని ఇండియా మ్యూజియం సేకరణ ఆధారంగా ఎగర్టన్ 1880లో భారతీయ ఆయుధాల కరదీపిక తెచ్చాడు. జార్జ్ కామెరాన్ స్టోన్ 1934లో ప్రపంచ ఆయుధాలన్నిటికీ ఒక నిఘంటువు వేసి, తన సేకరణను న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియానికి రాసిచ్చాడు. ఇప్పటికీ వేలంపాటల వాళ్లు పేర్లు వెతికేది స్టోన్‌లోనే. 1962లో ఎల్.ఎ. మేయర్ సంతకాలున్న ఆయుధకారుల జాబితా కూర్చాడు. ఆ తర్వాత రాబర్ట్ ఎల్గుడ్, డేవిడ్ అలెగ్జాండర్, ఇరాన్ ఆయుధాల మీద 2006లో పెద్ద గ్రంథం వేసిన మనూచెహ్ర్ ముష్తాఖ్ ఖొరాసానీ ప్రశ్నల తీరునే మార్చారు. ‘ఇది ఏ రకం కత్తి?’ అన్న ప్రశ్న వెనక్కి పోయి, ‘దీని మీద ఉన్నదాన్ని ఎవరు, ఎప్పుడు, ఎందుకు పెట్టారు?’ అన్నది ముందుకొచ్చింది. ఎల్గుడ్ 2004లో దక్షిణ భారత హిందూ ఆయుధాల మీద రాసిన పుస్తకాన్ని ఇక్కడ ప్రత్యేకంగా చెప్పాలి. దక్కను సుల్తానుల బాకులను విజయనగర శిల్పం పక్కన పెట్టకుండా చదవలేమని అది చదివాక తెలుస్తుంది.

ఉక్కులోనే ఉన్న చిత్రం

అలంకారం అనగానే బంగారం గుర్తొస్తుంది. పాతకాలపు రసికుడు ముందు చూసేది ఉక్కును. 9వ శతాబ్దంలో తత్వవేత్త అల్-కిందీ ఖలీఫా ముఅతసిమ్ కోసం ఖడ్గాల మీద ఒక గ్రంథం రాశాడు. అందులో కత్తులను ఉక్కు రకాన్ని బట్టీ, అది తయారైన చోటును బట్టీ వర్గాలు చేశాడు. యెమెన్ ఖడ్గాలూ, హింద్ ఖడ్గాలూ మేలురకాల్లో ఉన్నాయి. అలుగు మీద నీటి అలల్లా కనిపించే గీతలను చూసి రకం పోల్చడం ఆనాటికే ఒక విద్య. ఆ గీతలను జౌహర్ అన్నారు. ఎవరూ చెక్కని చిత్రం అది. లోహం లోపలే ఉండి, కమ్మరి చేతిలో బయటపడుతుంది.

ఆ చిత్రం పుట్టే తీరు ఇది. ఇనుమును ఆకులు, కట్టె లాంటివాటితో కలిపి మట్టి మూసలో పెట్టి, మూత వేసి, తిత్తులతో గంటల తరబడి ఊదుతారు. ఇనుములోకి కార్బన్ ఎక్కి ఒకటిన్నర శాతం దాకా చేరుతుంది. మూసను మెల్లగా చల్లారనిస్తే ముద్ద లోపల గట్టి కార్బైడు కణాలు, మెత్తని ఇనుము వేరువేరుగా పేరుకుంటాయి. ఆ ముద్దను తక్కువ వేడి మీద, ఓపికగా, మళ్లీ మళ్లీ కాల్చి సాగగొడితే కణాలు వరసలు కడతాయి. చివర్లో అన్నభేది లాంటి పుల్లటి ద్రావణం రాస్తే మెత్తని ఇనుము నల్లబడి, కార్బైడు వరసలు తెల్లగా మెరుస్తాయి. కాక ఎక్కువైతే చిత్రం చెదిరిపోతుంది. తమ అలవాటు ప్రకారం తెల్లగా కాల్చి కొట్టిన ఐరోపా కమ్మరులకు ఈ ముద్దలు పొడిపొడిగా పగిలిపోయాయి. అలుగు మీద అడ్డంగా గాడులు కోసి మళ్లీ చదును చేస్తే గీతలు మెట్ల వరసలా తేలతాయి. ఆ ‘నలభై మెట్ల’ నమూనాకు ఇరాన్‌లోనూ తురకదేశంలోనూ గొప్ప గిరాకీ ఉండేది.

ఈ కథలో తెలుగు నేలకు ఉన్న వాటా పెద్దది. గోల్కొండ రాజ్యపు ఉక్కు ఇరాన్‌కు వెళ్తుందని 17వ శతాబ్దంలో వజ్రాల వర్తకుడు తవెర్నియే రాశాడు. ఇప్పటి నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రం దానికి పేరున్న చోటు. త్రికోణమితి సర్వేలో వైద్యుడిగా, భూగర్భ పరిశోధకుడిగా పనిచేసిన వాయ్సీ 1820ల్లో అక్కడి కొలుములను చూశాడు. రెండు చోట్ల నుంచి తెచ్చిన రెండు రకాల ఇనుమును కలిపి కరిగించే పద్ధతిని ఆయన వివరంగా రాశాడు. ఆ రాత 1832లో అచ్చయింది. ఇస్ఫహాన్ నుంచి వచ్చిన ఒక వర్తకుడు అక్కడే మకాం వేసి ఉక్కు కొనడం కూడా ఆయన గమనించాడు. అంటే ‘పర్షియన్ ఖడ్గం’ అని మనం మురిసే వస్తువులో మొదటి అలంకారం, ఆ నీటి అలలు, ఇక్కడి మూసలోనే మొదలయ్యే అవకాశం ఉండేది. ఇటీవలి దశాబ్దాల్లో ఉత్తర తెలంగాణ ఊళ్లలో చిట్టెం దిబ్బలనూ, పగిలిన మూసలనూ గుర్తించే సర్వేలు జరిగాయి. ఎస్. జైకిషన్ వంటి స్థానిక పరిశోధకులు, శారదా శ్రీనివాసన్, ఎస్. రంగనాథన్ వంటి లోహశాస్త్రజ్ఞులు ఈ చరిత్రను దేశం ముందు పెట్టారు.

ఈ ఉక్కు చిత్రం ఎలా కుదురుతుందన్న దానిపై శాస్త్రజ్ఞుల మధ్య వాదం ఇంకా తెగలేదు. రష్యాలో అనోసోవ్ 1830ల్లోనే ఇలాంటి ఉక్కు చేసి చూపించాడు. అమెరికాలో వెర్హోవన్ అనే ఆచార్యుడు, పెండ్రే అనే కమ్మరి కలిసి 1990ల్లో చేసిన ప్రయోగాల్లో ఒక సంగతి తేలింది: ఇనుములో వెనేడియం వంటి మూలకం లేశమాత్రం ఉంటేనే గీతలు బాగా కుదురుతాయి. ముడి ఖనిజం మారితే చిత్రం రాదు. 19వ శతాబ్దంలో ఈ విద్య ఎందుకు అంతరించిందో చెప్పడానికి ఇది ఒక మంచి ఆధారం. 2006లో డ్రెస్డెన్ శాస్త్రజ్ఞులు 17వ శతాబ్దపు కత్తిముక్కలో కార్బన్ నానోట్యూబులు చూశామని ప్రకటించారు. పత్రికలు ఆ వార్తను ఎత్తుకున్న తీరు చూస్తే నాటి కమ్మరి నానో సాంకేతికత తెలిసే పనిచేశాడనిపిస్తుంది. నా దృష్టిలో వెనేడియం సంగతి దానికంటే ఎంతో ముఖ్యం. అది ఒక కత్తిని ఒక గనితో ముడిపెట్టే దారి చూపిస్తుంది. నానోట్యూబులు ఆ దారి చూపించవు.

ఆకారం గురించి ఒక్క మాట. తొలి అరబ్ ఖడ్గాలు తిన్ననివి. వంపు కత్తి మధ్య ఆసియా గుర్రపు రౌతులతో వచ్చింది. ఇరాన్‌లోని నీషాపూర్ తవ్వకాల్లో మెట్రోపాలిటన్ మ్యూజియం వాళ్లకు దొరికిన 9వ శతాబ్దపు కత్తిలో ఆ వంపు మొదలవడం కనిపిస్తుంది. సినిమాల్లో ఏడో శతాబ్దపు అరబ్బు చేతిలో అర్ధచంద్రం లాంటి కత్తి పెట్టేవాళ్లు ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే చాలు.

సంతకాల సంత

అలుగు మీద బంగారు అక్షరాల్లో ‘అసదుల్లా ఇస్ఫహానీ పని’ అని ఉంటే వేలంలో ధర పెరుగుతుంది. అసదుల్లా షా అబ్బాస్ కాలపువాడని, 1588 నుంచి 1629 వరకు సాగిన ఆ పాలనలో మహాశిల్పి అని ప్రతీతి. ఒట్టోమన్ సుల్తాను ఒక శిరస్త్రాణం పంపి, దీన్ని నరికే కత్తి మీ దేశంలో ఉందా అని అడిగాడట. అసదుల్లా కత్తి దాన్ని రెండు చేసిందట. సంతోషించిన షా కమ్మరులకు పన్ను తీసేశాడట. కథ బాగుంది. చిక్కల్లా ఆ సంతకం ఉన్న కత్తుల మీది తేదీలతోనే వస్తుంది. అవి ఒక మనిషి జీవితకాలంలో ఇమడవు. మేయర్ జాబితా వేసిన రోజుల్లో సంతకాన్ని నమ్మడమే ఆనవాయితీ. తర్వాతి వాళ్లు ఒక్కో అక్షరం తీరు, బంగారం పొదిగిన పద్ధతి, ఉక్కు చిత్రం పోల్చి చూసి, ఆ పేరు చాలాకాలం పాటు నాణ్యతకు ముద్రగా నడిచిందని తేల్చారు. ‘ఇమాం అలీ సేవకుడు అబ్బాస్’ అన్న భావంతో ఉండే రాజముద్రకూ ఇదే గతి పట్టింది. దీన్ని మోసం అనాలా? కొంత మోసమే. కొంత మాత్రం గురువు పేరు పెట్టుకునే సంగీత ఘరానా లాంటిది. ఏ కత్తిలో ఏది ఎంతో ఆ కత్తినే విడిగా పరీక్షించాలి తప్ప మూకుమ్మడి తీర్పు కుదరదు.

నిజాయితీగా రాసిన దస్తావేజులూ ఉన్నాయి. మమ్లూకుల ఈజిప్టులో అలెగ్జాండ్రియా ఆయుధశాలకు ఐరోపా ఖడ్గాలు చేరేవి. కొన్ని యుద్ధంలో పట్టినవి, కొన్ని కానుకలు. శిలువ ఆకారపు పిడి, తిన్నని ఇటలీ అలుగు, దాని మీద ‘ఫలానా ఏడాది ఆయుధశాలకు దాఖలు’ అంటూ అరబీ రాత. ఐరోపా మధ్యయుగపు ఖడ్గాల కాలం నిర్ణయించడానికి ఈ అరబీ తేదీలు ఇవాళ ఒక ముఖ్య ఆధారం. శత్రువు గుమాస్తా రాసుకున్న చిట్టా ఇలా పనికొచ్చింది. దక్కనులో దీనికి తిరగేసిన బొమ్మ ఉంది. జర్మనీ, ఇటలీ అలుగులను తీరంలో కొని, ఇక్కడి బుట్ట పిడికి బిగించి ఫిరంగీ అన్నారు. ఐరోపా కమ్మరుల గుర్తులకు విలువ ఉందని తెలిశాక ఆ గుర్తులను ఇక్కడివాళ్లూ కొట్టారు.

అక్షరమే కవచం

ఈ ఆయుధాల మీద అన్నిటికంటే ఎక్కువగా కనిపించే అలంకారం అక్షరం. దేవుడి సహాయం, దగ్గరలోనే ఉన్న విజయం అనే భావం చెప్పే ఖురాన్ 61వ అధ్యాయంలోని వాక్యం స్పెయిన్ నుంచి దక్కను దాకా జెండాల మీద, డాళ్ల మీద, అలుగుల మీద ఉంటుంది. షియా రాజ్యాల్లో, అంటే ఇరాన్‌లోనూ గోల్కొండ, బీజాపూర్‌లలోనూ, అలీని పిలిచే ప్రార్థన కనిపిస్తుంది. రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది అంకెలు నాలుగు గదుల్లో వేసిన చిన్న యంత్రం కూడా అలుగుల మీద తరచుగా కనిపిస్తుంది. అంకెలకు రక్షణ శక్తి ఉందన్న నమ్మకం దాని వెనుక ఉంది.

15వ శతాబ్దపు తలపాగా శిరస్త్రాణాలు నాకు ఈ కోవలో అన్నిటికంటే ఇష్టమైనవి. అవి ఉబ్బెత్తుగా, ఏటవాలు మడతలతో, నిజంగా తలపాగా చుట్టినట్టు ఉంటాయి. మెత్తని టోపీ మీద పెట్టుకునేవి కాబట్టి అంత పెద్దవి. మడతల వల్ల రేకుకు బిగువు వస్తుంది, దెబ్బ పక్కకు జారుతుంది. ఆ మడతల మీదుగా అక్షరాలు వంగి పారతాయి. చాలావాటి మీద ఇస్తాంబుల్‌లోని సెయింట్ ఐరీన్ ఆయుధశాల ముద్ర ఉంది. అందుకే అన్నీ ఒట్టోమన్ తయారీ అని ఒకప్పుడు అనుకున్నారు. వాటిలో కొన్ని ఇరాన్, కాకసస్ ప్రాంతపు రాజుల పేర్లతో ఉన్నాయని చదివాక ఆ మాట మారింది. గోదాము ముద్రకూ తయారీ ఊరికీ సంబంధం ఉండాలని లేదు. ఇంకో తమాషా: కొన్నిటి మీది రాత చదవడానికి రాదు. అక్షరాల నిలువు గీతలున్నాయి, మాటలు లేవు. చదువురాని పనివాడు అక్షరం ఆకారాన్ని నమూనాగా తీసుకుని అల్లుకుపోయాడు. దాన్ని తప్పులతడకగా చూసే పండితులున్నారు. కొన్నవాడికి కావలసింది అక్షరం చూపే మహిమ అయినప్పుడు అది తప్పెలా అవుతుంది?

ఆ మహిమ చివరి అంచు తాయెత్తు చొక్కా. నూలుబట్ట మీద ఖురాన్ పాఠం, దేవుడి పేర్లు, అంకెల గదులు సన్నని రాతలో నింపి కవచం కింద తొడుక్కునేవారు. ఒట్టోమన్ రాకుమారుడు జెమ్ కోసం 1477లో జ్యోతిష్కులు పెట్టిన ముహూర్తానికి మొదలైన చొక్కా 1480లో ముగిసింది. మన దేశంలో 15, 16వ శతాబ్దాల్లో ఖురాన్ మొత్తం ఒకే చొక్కా మీద రాశారు. వీటిలో కొన్నిటిపై చెమట మరకలు గానీ చిరుగులు గానీ లేవు. తొడుక్కోవడం కంటే దగ్గర ఉంచుకోవడమే రక్షణ అనుకున్నారేమో.

బంగారం, ధర్మశాస్త్రం

మగవాళ్లకు బంగారం, పట్టు తగవని ఇస్లాం సంప్రదాయం. ప్రవక్త ఖడ్గపు పిడికి వెండి తొడుగు ఉండేదన్న హదీసును బట్టి ఆయుధానికి వెండి ఫర్వాలేదన్నారు. బంగారం దగ్గర ధర్మశాస్త్రజ్ఞులు తలో మాట చెప్పారు. ఆస్థానాలు వాళ్ల తీర్పు కోసం ఆగినట్టు కనిపించదు.

పనితనం వైపు చూస్తే రెండు పద్ధతులను కలిపేయడం మన పుస్తకాల్లో చాలాచోట్ల జరిగే పొరపాటు. కోఫ్త్‌గరీలో ఉక్కు ముఖం మీద సన్నని గీతలు అడ్డదిడ్డంగా గీసి గరుకు చేస్తారు. దాని మీద బంగారు తీగ పరిచి సుత్తితో నొక్కితే అంటుకుంటుంది. తర్వాత కాల్చి, గట్టి రాతితో మెరుగు పెడతారు. ఉక్కు నీలి నలుపు అయి బంగారం ఎగిసి కనిపిస్తుంది. తహ్‌నిషాన్‌లో లోతుగా గాడి తవ్వి, అడుగున వెడల్పు చేసి, అందులో బంగారాన్ని దిగగొడతారు. మొదటిది చవక, తొందర. వాడకంలో అరిగి రాలిపోతుంది. రెండోది తరాలు నిలుస్తుంది. అరిగిన కోఫ్త్‌గరీ కింద గీతలు బయటపడితే ఆ కత్తిని నిజంగా పట్టుకు తిరిగారని అర్థం. 19వ శతాబ్దంలో సియాల్‌కోట్, గుజ్రాత్ పట్టణాల్లో ఈ పని ప్రదర్శనశాలల కోసం, దొరల కోసం సాగింది. ఇప్పుడు జైపూర్, ఉదయ్‌పూర్‌లలో మిగిలింది.

ఒట్టోమన్లకు ఇంకో ఇష్టం ఉంది, తోంబాక్. రాగి మీద పాదరసంతో బంగారం ఎక్కించి, శిరస్త్రాణాలూ, గుర్రాల ముఖ కవచాలూ, డాళ్లూ చేశారు. రాగి మెత్తనిది, దెబ్బకు ఆగదు. ఊరేగింపులో ఎండకు తళతళలాడితే చాలు. వాటిలో కొన్ని 1683 వియన్నా ముట్టడి చెదిరాక ఐరోపా కోటలకు కొల్లగా చేరాయి. అదే ఆస్థానంలో 1526 ప్రాంతంలో అహ్మద్ తెకెలూ అనే కంసాలి సులేమాన్ సుల్తాను కోసం చేసిన యతగాన్ కత్తి మాత్రం వేరే లోకం. అలుగు మీద బంగారు డ్రాగన్, సీమూర్గ్ పక్షి పెనుగులాడతాయి, కళ్లకు కెంపులు, పిడి దంతం. చైనా డ్రాగన్ ఇరాన్ చిత్రకారుల చేతుల మీదుగా ఇస్తాంబుల్ చేరి ఉక్కు మీద వాలింది. గ్రనాడా చివరి రాజు బోబ్దిల్ 1483లో లుసెనా దగ్గర పట్టుబడినప్పుడు పోగొట్టుకున్న ఖడ్గం పడమటి కొసను చూపిస్తుంది. సన్నని బంగారు తీగపని, రంగు మీనా, దంతపు పిడి. చూడగానే గ్రనాడాలోని అల్హంబ్రా ప్రాసాదపు గోడలు గుర్తొస్తాయి. ఆ గోడల మీది నినాదమే దీని మీదా ఉంది.

మొగలులు, దక్కను

మొగలు ఆయుధాల్లో పువ్వు పెద్ద సంగతి. జహంగీర్ కాశ్మీరు పూల మోజు, ఐరోపా నుంచి వచ్చిన వృక్షశాస్త్ర చిత్రాలు కలిసి, షాజహాన్ కాలానికి ఒక్కో కాడ, ఒక్కో పువ్వు విడివిడిగా నిలిచే తీరు స్థిరపడింది. తాజ్‌మహల్ రాతి మీదా, బాకు పిడి మీదా అదే పువ్వు. జేడ్ రాయిలో గుర్రం, గొర్రెపోతు, మనుబోతు తలలు చెక్కిన పిడులు ఆ కాలపు మరో వేడుక. కెంపులు, పచ్చలు పొదగడానికి కుందనపు పని వాడారు: శుద్ధి చేసిన బంగారు రేకును రాయి చుట్టూ నొక్కితే చాలు, పంజాలు అక్కర్లేదు. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో జహంగీర్‌దని చెప్పే బాకూ, నూర్జహాన్‌దని చెప్పే పండ్లకత్తీ చూసినవాళ్లకు ఈ పని తెలుసు. వీటన్నిటికంటే నన్ను ఆకట్టుకునేది అలంకారం దాదాపు లేని ఒక కత్తి. 1621లో జలంధర్ దగ్గర ఉల్క పడింది. జహంగీర్ దాన్ని తెప్పించి ఉస్తాద్ దావూద్ అనే కమ్మరికిచ్చాడు. ఉల్క ఇనుము సుత్తి దెబ్బకు నిలవకపోతే మూడు పాళ్లకు ఒక పాలు మామూలు ఇనుము కలిపి రెండు ఖడ్గాలు, ఒక బాకు, ఒక చాకు చేశారు. చాకు ఇప్పుడు వాషింగ్టన్‌లో ఉంది. ఆకాశం నుంచి పడిందన్న మాటే దానికి అలంకారం.

మొగలుల పొందిక దక్కనులో కనిపించదు. ఇక్కడ జంతువులు ఒకదాన్నొకటి మింగుతాయి. బీజాపూర్ లేక గోల్కొండలో 16వ శతాబ్దం రెండో సగంలో చేసిన, ఇప్పుడు మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్న ఒక బాకు పిడిలో డ్రాగన్ తోక పట్టు చుట్టూ తిరుగుతుంది, అది సింహం మీద పడుతుంది, సింహం జింక మీద. బంగారు పూత పూసిన రాగి, కెంపులు. దీన్ని ఇరాన్ ప్రభావం అని తేల్చేవాళ్లు మన గుడి స్తంభాల మీది యాళిని చూసి ఉండరు. బీజాపూర్ కోటలోని మాలిక్-ఎ-మైదాన్ ఫిరంగి ఇదే ఊహకు పెద్ద రూపం. 1549లో అహ్మద్‌నగర్‌లో పోత పోశారు. బరువు దాదాపు 55 టన్నులు. ఫిరంగి మూతి తెరిచిన మృగం నోరు, ఆ కోరల మధ్య నలుగుతున్న ఏనుగు. బీజాపూర్ పడ్డాక ఔరంగజేబు తన విజయాన్నీ దాని మీదే చెక్కించాడు. ఒకే లోహం మీద ఇద్దరు యజమానుల రాత.

కవచాల్లో అన్నిటికంటే పెద్దది ఇంగ్లండులోని లీడ్స్‌లో ఉంది. 1600 ప్రాంతపు ఏనుగు కవచం అది. మద్రాసు గవర్నర్ ఎడ్వర్డ్ క్లైవ్ భార్య హెన్రియెట్టా దాన్ని 1801లో ఇంగ్లండుకు చేర్చింది. మిగిలిన భాగమే 118 కిలోలు. మొత్తం ఉంటే 8,439 రేకులతో 159 కిలోలు అయ్యేది. రేకుల మీద తామరపూలు, చేపలు, పక్షులు, ఏనుగులు ఉబ్బెత్తుగా ఉన్నాయి. శత్రువుకు అంత దగ్గరగా చూసే తీరిక ఉండదు. ఆ పూలు రాజు కోసమే.

ఆయుధశాల దాటి ఆషూర్‌ఖానా వాకిట్లోకి వెళ్లిన రూపం ఒకటుంది. కత్తి అలుగు ఆకారంలో, ఉక్కు రేకును అక్షరాలుగా కోసి, అంచులకు డ్రాగన్లు తొడిగి చేసిన కుతుబ్‌షాహీ ఆలంలు, అంటే పీర్లు. 1590ల్లో కట్టిన హైదరాబాద్ బాద్‌షాహీ ఆషూర్‌ఖానా సంప్రదాయం నుంచి తెలుగు పల్లెల పీర్ల పండుగ దాకా ఆ రూపం నడిచింది. ఆయుధాల పుస్తకాలు వీటిని మతవస్తువులని వదిలేస్తాయి, మతకళ పుస్తకాలు లోహం పని గురించి మాట్లాడవు. రెండిటి మధ్య పడిపోయింది దక్కను కమ్మరి నైపుణ్యం.

వాడని కత్తులు, అమ్ముడయ్యే కత్తులు

ఒట్టోమన్ సుల్తాను మొదటి మహమూద్ నాదిర్ షాకు కానుకగా చేయించిన బాకు పిడిలో మూడు పెద్ద పచ్చలున్నాయి, కొసన మూత కింద గడియారం ఉంది. 1747లో దారిలో ఉండగానే నాదిర్ హత్యకు గురయ్యాడు, బాకు వెనక్కి వచ్చింది. అది ఎవరినీ పొడవలేదు, అసలు పొడవడానికి చేసింది కాదు. 19వ శతాబ్దపు ఇరాన్‌లో దెయ్యం ముఖాలు, కొమ్ములతో శిరస్త్రాణాలు, ఆమ్లంతో బొమ్మలు తేల్చిన డాళ్లు రాశులుగా తయారయ్యాయి. కొన్ని ముహర్రం నాటకాలకు, ఎక్కువ భాగం ఐరోపా కొనుగోలుదారులకు. వాటి మీది తేదీలు రెండు వందల ఏళ్లు వెనక్కి వెళ్తాయి, రేకు మందం మాత్రం అబద్ధమాడదు.

ధరలు కూడా అలంకారాన్ని తిరగరాస్తాయి. 1799లో శ్రీరంగపట్నం పడ్డాక టిప్పు వస్తువులు పంపకానికి వచ్చాయి. పులి చారలు, పులి తల పిడులు, పులి ముఖంలా రాసిన అరబీ అక్షరాలు: ఒక రాజు తన ఆయుధాలన్నిటికీ ఒకే గుర్తు వేయించిన అరుదైన ఉదాహరణ ఇది. 2023లో టిప్పు పడకగది ఖడ్గం అన్న పేరుతో ఒక కత్తి లండన్ వేలంలో కోటీ నలభై లక్షల పౌండ్లకు పైగా పలికింది. ఆ తర్వాత సంతలో పులి చారల కత్తులు పెరిగితే ఆశ్చర్యపడకండి.

కోయకుండా, గీయకుండా లోహం లోపలి నిర్మాణం చూసే న్యూట్రాన్ పరీక్షలు ఐరోపాలో భారతీయ కత్తుల మీద జరిగాయి. తెలంగాణ చిట్టెం దిబ్బల్లో, మూసల ముక్కల్లో ఉన్న లేశ మూలకాలను మ్యూజియంలలోని అలుగులతో పోల్చితే ఏ ఖడ్గం ఉక్కు ఏ నేలదో కొంతవరకైనా తెలుస్తుంది. ఉక్కు కరిగిన ఊళ్లూ, కత్తులు దాచిన మ్యూజియంలూ ఒకే రాష్ట్రంలో ఉన్నాయి. పురావస్తు శాఖ, మ్యూజియంలు, విశ్వవిద్యాలయాల లోహశాస్త్ర విభాగాలు కలిసి ఈ పనిని చేపట్టాలి. ఊళ్లలో చదును చేయగా మిగిలిన చిట్టెం దిబ్బలకు ముందుగా కంచె వేయాలి.